రెండు తోకలు, ఒకే గోరు

పురుగుల మేడమ్‌కి తన కంటి మీదున్న నమ్మకం అంతా ఇంతా కాదు. ఇరవై రెండేళ్ళుగా ఆ నీటి పరీక్షల ల్యాబ్‌లో కిటికీ పక్క బల్ల ఆమెదే. వాగుల్లోంచి, ఏటి పాయల్లోంచి వలేసి తెచ్చిన పురుగుల్ని సన్న పట్టకారుతో ఒక్కొక్కటిగా తీసి, ఇది ఫలానా అని తేల్చి, చీటీ రాసి సీసాలో వేయడం ఆమె పని. నీళ్ళలో ఏది బతుకుతోందో తెలిస్తే ఆ నీళ్ళు ఎలా ఉన్నాయో తెలిసిపోతుంది. పెద్ద పెద్ద యంత్రాలు ఆ పూట నీళ్ళలో ఏముందో చెబుతాయి. పురుగు మాత్రం ఏడాది పొడుగునా ఏం జరిగిందో చెబుతుంది. నిద్రలో లేపి అడిగినా పేరు చెప్పేస్తానని ఆమె అంటే ల్యాబ్‌లో ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. నిజంగానే చెప్పేస్తుందేమోనని వాళ్ళ భయం.

ఆ సోమవారం ఆమె పాఠానికి పళ్ళేలు సిద్ధం చేసుకుంటోంది. వేరే ఊళ్ళ ల్యాబుల నుంచి మర్నాడు నలుగురు వస్తున్నారు, మూడు రోజులుండి రాతిపురుగుని గుర్తుపట్టడం నేర్చుకోవడానికి. రాతిపురుగని ఆ ల్యాబ్‌లో పిలుచుకునేది స్టోన్‌ఫ్లై లార్వాని. రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా అది రాళ్ళ కిందే కాలక్షేపం చేస్తుంది. నీళ్ళు చల్లగా ఉండాలి, రాళ్ళ మీద గలగలా పారుతుండాలి, శుభ్రంగా ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి చెడినా మిగతా పురుగులన్నిటికంటే ముందు మూటాముల్లె సర్దుకునేది అదే. కొత్త పెళ్ళికూతురికి కూడా అన్ని పట్టింపులు ఉండవని ఆమె ప్రతి పాఠంలోనూ అనేది, వచ్చినవాళ్ళు ప్రతిసారీ నవ్వేవాళ్ళు.

అలమరలో వెతుకుతుంటే 'కింది వంతెన' అని చీటీ ఉన్న సీసా చేతికొచ్చింది. ఆ సీసా కథ ల్యాబ్‌లో తెలియనివాళ్ళు లేరు. ఆర్నెల్ల కిందట రంగుల మిల్లు దిగువన, కింది వంతెన దగ్గర వాగులోంచి తెచ్చిన నమూనాలో నాలుగు రాతిపురుగులున్నాయని ఆమె రాసింది. మిల్లు వదిలే నీళ్ళలో రాతిపురుగు ఒక్క పూట కూడా బతకదు. అంటే వలేసిన మనిషి కింది వంతెన దగ్గర జారుడు గట్టు దిగలేక, సుఖంగా మిల్లుకి ఎగువనున్న పై వంతెన దగ్గరే వలేసి, సీసా మీద తప్పుడు పేరు రాసుంటాడని విచారణలో అందరూ తేల్చేశారు. ఆ నమూనాని లెక్కలోంచి కొట్టేశారు. మిల్లుకి వెళ్ళాల్సిన నోటీసు ఆగిపోయింది. వలేసిన మనిషిని సీసాలు కడిగే గదిలో పెట్టారు. ల్యాబ్‌లో అతణ్ణి వలాయన అనేవాళ్ళు. వల చేతిలోంచి పోయి ఆర్నెల్లయినా పేరు మాత్రం పోలేదు.

పాఠానికి పనికొస్తాయి కదా అని ఆమె ఆ నాలుగు పురుగుల్నీ గాజు పళ్ళెంలో పోసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. రెండు తోకలు. సరే. కాళ్ళు చూపిద్దామని పళ్ళెం కాస్త జరిపి, మరలు తిప్పి, కాలి చివరకి చూపు తెచ్చుకుంది.

కాలి చివర ఒకే ఒక గోరు ఉంది.

రాతిపురుగు కాలికి రెండు గోళ్ళుంటాయి. ఒక గోరుండేది మేఫ్లైకి. మేఫ్లై వేరే రకం పురుగు. మామూలుగా దానికి మూడు తోకలు, పొట్ట పక్కన ఆకుల్లాంటి మొప్పలు ఉంటాయి. అందులో కొన్ని రకాలు గట్టి పిండాలు, మురికి నీళ్ళని కూడా కొంతవరకు ఓర్చుకుంటాయి. ఆమె రెండో కాలు చూసింది. మూడోది చూసింది. రెండో పురుగుని తిప్పింది. మూడోదాన్ని, నాలుగోదాన్ని తిప్పింది. ఎక్కడా రెండో గోరు లేదు. రెండు తోకల మధ్య మూడో తోక ఉండాల్సిన చోట వెంట్రుక ముక్కంత మొండి ఉంది. పొట్ట పక్కన మొప్పలు ఊడిపోయిన మచ్చలున్నాయి. సీసా అడుగున మిగిలిన స్పిరిట్లో ఒక మొప్ప ఇంకా తేలుతూనే ఉంది.

చీటీ రాసిన రోజు వాటిని మైక్రోస్కోపు కింద పెట్టనే లేదని ఆమెకి గుర్తొచ్చింది. నలభై నమూనాలు పేరుకుపోయి ఉన్నాయి. చేతిలో భూతద్దం, రెండు తోకలు కనిపించాయి, రాసేసింది. ఈ మాత్రం దానికి మైక్రోస్కోపు ఎందుకనుకుంది. అంటే ఆ మనిషి కింది వంతెన దగ్గరే దిగాడు. పురుగులు సరైనవే. చీటీయే తప్పు.

“సీసాలు తెచ్చాను మేడమ్.”

వలాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, కడిగిన సీసాల పెట్టె పట్టుకుని. ఆమె చటుక్కున గాజు పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది. పక్కవాడి పలక చూసి రాస్తూ దొరికిపోయిన పిల్లలా ఉంది ఆ పని, ఆమెకే తెలుస్తోంది.

“అక్కడ పెట్టండి.”

అతను పెట్టె దించి, సీసాలు ఒక్కొక్కటీ బయటికి తీసి, మూతలు బిగిసి ఉన్నాయో లేదో చూసి వరసగా పెట్టాడు. ఎవరూ అడగకపోయినా అట్లాగే చేస్తాడు. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం తెల్లగా నాని పగిలి ఉంది. ఆర్నెల్లుగా రోజూ ఆ చేతులు ఈ బల్ల మీదకి వస్తూనే ఉన్నాయి, ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూడకుండా ఉండలేకపోయింది.

అతను వెళ్ళాక ఆమె పురుగుల్ని మళ్ళీ సీసాలో పోసి, మూత బిగించి, అలమరలో అన్నిటికంటే వెనక పెట్టేసింది.

మంగళవారం నలుగురూ వచ్చారు. ముగ్గురు మగపిల్లలు, ఒక అమ్మాయి. ఆమె తెల్లబోర్డు మీద రెండు పురుగుల బొమ్మలు వేసి, ఎప్పుడూ చెప్పే పాఠమే మొదలుపెట్టింది.

“తోకలు లెక్కపెట్టి పేరు పెట్టేయకండి. తోక విరిగిపోతుంది, ఒక్కోదానికి పుట్టుకతోనే ఉండదు. మొప్పలు ఊడిపోతాయి. కాలి గోరు చూడండి. రెండుంటే రాతిపురుగు, ఒకటుంటే కాదు. అది చూసేదాకా పెన్ను మూత తియ్యొద్దు.”

ఈ మాటలు ఆమె కనీసం వందసార్లు చెప్పి ఉంటుంది. ఇవాళ ఒక్కో మాటా నోట్లోంచి వస్తుంటే తన చెంప మీద తనే కొట్టుకుంటున్నట్టుంది. పెళ్ళికూతురి తమాషా కూడా చెప్పలేదు.

అమ్మాయి మంచి చురుకైనది. మైక్రోస్కోపు మీంచి తలెత్తి, “మీరెప్పుడైనా పొరబడ్డారా మేడమ్?” అని అడిగింది. అందులో వెటకారమేమీ లేదు. తెలుసుకుందామని అడిగింది.

“కొత్తలో ఒకటి రెండుసార్లు,” అంది ఆమె.

“ఇప్పుడు?”

“ఇప్పుడెందుకు పొరబడతాను?”

అందరూ మెచ్చుకోలుగా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు మొహం మీదే కాసేపు ఉండిపోయింది, దాన్ని ఎట్లా తీసేయాలో ఆమెకి తెలియలేదు.

మధ్యాహ్నం నలుగురూ భోజనానికి వెళ్ళాక ఆమె సీసాలు కడిగే గదికి వెళ్ళింది. వలాయన పొడుగు బ్రష్షుతో సీసా లోపల తోముతున్నాడు. మూడుసార్లు సబ్బు నీళ్ళు, మూడుసార్లు మామూలు నీళ్ళు, ఆఖరికి ఆసిడ్ కలిపిన నీళ్ళు. నిజం చెప్పేద్దామనే ఆమె బయల్దేరింది. వసారా దాటేలోపు ఆ నిజం కాస్తా వేరే వేషం కట్టింది.

“గురువారం మీ కాగితం సంతకాలకి వస్తుందట,” అంది.

“వస్తుందట మేడమ్. ఇక ఈ గదికే రాసేస్తారట, రిటైరయ్యేదాకా.”

“అది ఆపాలంటే ఒక దారుంది. పొరపాటైంది, క్షమించండి అని మీరొక ముక్క రాసివ్వండి. కింద నేను సిఫారసు రాస్తాను. మళ్ళీ వాగుకి పంపిస్తారు.”

అతను బ్రష్షు పక్కన పెట్టి, చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

“రాస్తాను మేడమ్. ఏం పొరపాటు చేశానో చెప్పండి, అట్లాగే రాస్తాను.”

“అంటే... తొందరలో, పై వంతెన దగ్గర...”

“కింది వంతెన దగ్గరే దిగాను మేడమ్. నీళ్ళు ఇక్కడిదాకా.” తొడ మీద చెయ్యి పెట్టి చూపించాడు. “బూట్లకి పట్టిన రంగు ఇప్పటికీ పోలేదు. మా ఆవిడ వాటిని గడప తొక్కనివ్వట్లేదు, వాసనని. నాకంటే వాటి బతుకే హీనం.” అతను చిన్నగా నవ్వాడు. “ఆ ముక్క తప్ప ఇంకేం రాయమన్నా రాస్తాను. వయసైందని రాయమంటారా? మోకాళ్ళు నొప్పులని రాయమంటారా?”

“వద్దు లెండి,” అంది ఆమె. “నేనే ఏదో ఒకటి చూస్తాను.”

“మీ దయ మేడమ్,” అన్నాడతను. మళ్ళీ బ్రష్షు తీసుకున్నాడు.

ఆ మాటకి ఆమెకి తల కొట్టేసినట్టయింది. దయట! చెయ్యని తప్పు ఒప్పుకోమని ఆ మనిషిని అడగడానికి తన రెండు కాళ్ళ మీద తనే నడుచుకుంటూ వచ్చింది, ఆయన దయ అంటున్నాడు. తన గదికి తిరిగి వెళ్తూ దారిలో ఎదురైన ఇద్దరు పలకరించినా ఆమె తలెత్తలేదు.

ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. వీధి చివర తలుపంత వెడల్పు కొట్టు. ఇంటికొచ్చాక కూడా ఒక కంటికి అద్దం పెట్టుకుని ఏదో ఒకటి విప్పుతూనే ఉంటాడు. ఇద్దరూ రోజంతా సన్నటివాటిని చూసి చూసి, ఇంట్లో ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా కోసం వెతుక్కుంటారని వాళ్ళమ్మాయి ఏడిపిస్తుంటుంది. ఆ సాయంత్రం కూర తరుగుతూ ఆమె మొత్తం చెప్పేసింది. అతను అద్దం తియ్యకుండానే విన్నాడు.

“అయితే వెళ్ళి చెప్పు,” అన్నాడు.

“అంత తేలికా?”

“నేను నెలకి రెండు గడియారాలు చెడగొడతాను. వాళ్ళింటికెళ్ళి బాబ్బాబు అంటాను. నాలుగు తిడతారు. మళ్ళీ వాళ్ళే ఇంకో గడియారం తెస్తారు. తిట్లు తినడం నాకు అలవాటైంది. నీకు లేదు, అదే నీ జబ్బు.”

“తిడితే బాగానే ఉంటుంది. తిట్టకపోతే?”

అప్పుడు అద్దం తీశాడు. కాసేపు ఆమె వంక చూశాడు. “ఆ మాట కూడా నిజమే,” అన్నాడు. ఆమె తరిగిన ముక్కలు ఎప్పటికంటే లావుగా వచ్చాయి.

బుధవారం పొద్దున్నే డైరెక్టరు గదికి వెళ్ళింది. దారిలో మాటలు వరసగా పేర్చుకుంది. లోపలికి వెళ్ళగానే డైరెక్టరు ఎదురు కుర్చీ చూపించి, ఆమె నోరు విప్పేలోపే మొదలుపెట్టాడు.

“మీ కోసమే కబురు పెడదామనుకుంటున్నాను. నిన్న ఆ పిల్లలు మిమ్మల్ని తెగ పొగిడారు. పురుగుల్ని గుర్తుపట్టే బొమ్మల పటం మీ పేరుతో వేయిద్దామని పైకి రాస్తున్నాను. అన్ని ల్యాబుల్లోనూ అదే తగిలిస్తారు. మీ కంటికి తిరుగు లేదని నేనెప్పుడూ అంటూనే ఉంటాను కదా.”

“అదేం లేదండీ.”

“మీ మొహమాటం మీరూ! ఇంతకీ మీరేదో చెప్పాలని వచ్చారు?”

పేర్చుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి. “సన్న పట్టకార్లు అరిగిపోయాయి. కొత్తవి కావాలి,” అంది.

“ఓస్, అంతేనా?” అని ఆయన కాగితం మీద రాసుకున్నాడు.

బయటికొచ్చి ఆమె మెట్ల మీద ఆగిపోయింది. పట్టకార్లు! ఒక మనిషి బతుకు అడగబోయి పట్టకార్లు అడిగి వచ్చింది. ఆ క్షణాన ఆమెకి తన మీద ఎంత అసహ్యం వేసిందంటే, ఎదురుగా ఎవరైనా ఉంటే అప్పుడే చెప్పేసేది. ఎవరూ లేరు.

మధ్యాహ్నం అలమరలో వెనక దాచిన సీసా మళ్ళీ బయటికి తీసింది. నాలుగు పురుగుల్నీ ఒక్కొక్కటిగా చూసి, కాళ్ళు గీసి, గోళ్ళు గీసి, మొండి తోక గీసి, పక్కన తేదీ వేసింది. ఎక్కడైనా, ఒక్క కాలికైనా రెండో గోరు కనబడుతుందేమోనని గంటసేపు వెతికింది. ఇరవై నాలుగు కాళ్ళు. రెండు విరిగిపోయాయి. మిగతా ఇరవై రెండిటికీ ఒక్కటే గోరు.

గురువారం డైరెక్టరు గదిలో నలుగురే ఉన్నారు. డైరెక్టరు, ఫైళ్ళు చూసే గుమాస్తా, ఆమె, తలుపు దగ్గర వలాయన. అతనికి కుర్చీ ఉంది కానీ కూర్చోలేదు. గుమాస్తా కాగితం చదివి, పురుగుల్ని తేల్చిన మనిషిగా సంతకం పెట్టమని ఆమె ముందుకు తోశాడు. ఆమె పెన్ను తీసుకోలేదు. తను గీసిన బొమ్మల కాగితం తీసి ఆ కాగితం మీద పెట్టింది.

“అవి రాతిపురుగులు కావండీ,” అంది. “మేఫ్లైలు. కాలికి ఒకటే గోరుంది. మొప్పలు సీసాలో ఊడిపోయాయి. నేను మైక్రోస్కోపు కింద పెట్టకుండా రాసేశాను. అవి కింది వంతెన దగ్గర ఉండాల్సిన పురుగులే. ఆయన సరిగ్గానే తెచ్చారు.”

గుమాస్తా ఫైలు మీంచి తలెత్తాడు. డైరెక్టరు బొమ్మలు చూశాడు, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఆమె తలుపు వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు. తిట్ల కోసం ఎదురుచూస్తూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“మీరే వచ్చి చెప్పారు చూశారూ, అదీ గొప్పతనం,” అన్నాడు డైరెక్టరు. “ఇందులో మిమ్మల్ని అనడానికేముంది? గోరంత పురుగు. మొప్పలు ఊడిపోయాయంటున్నారు. మొండి తోక. ఎవరైనా పొరబడేవాళ్ళే. ఆ రోజున ఎవరికి మాత్రం తెలుస్తుంది?”

నాలుగు రోజులుగా ఛాతీ మీద కూర్చున్న బరువు మెల్లగా జరిగినట్టయింది ఆమెకి. కళ్ళు చెమర్చాయి. మంచి మాట ఎంత తొందరగా నమ్మబుద్ధేస్తుందో!

“అవునండీ,” అంది. “ఆ రోజున ఎవరికీ తెలిసే వీల్లేదు.”

“నాకు తెలుసు మేడమ్.”

అందరూ తలుపు వైపు తిరిగారు. వలాయన గొంతు పెంచలేదు. రోజూ సీసాలు తెచ్చానని ఎట్లా చెబుతాడో అట్లాగే చెప్పాడు.

“కార్డు మీద రాశాను కూడా.”

వాగుకి వెళ్ళిన మనిషి ప్రతి నమూనాతోనూ ఒక కార్డు పంపాలి. తేదీ, చోటు, నీళ్ళ లోతు, అడుగున రాళ్ళా బురదా, అన్నిటికీ గడులుంటాయి. చిట్టచివర 'ఇతర విషయాలు' అని ఒక పెద్ద గడి ఉంటుంది. పురుగుల్ని తేల్చేవాళ్ళు ముందుగా కార్డు చదివి, 'చదివాను' అన్నచోట సంతకం పెట్టి, ఆ తర్వాతే సీసా మూత తీయాలి. పద్ధతి అది. ఆమె శనివారం సాయంత్రాల్లో కార్డులన్నీ ఒకేసారి ముందేసుకుని, మూలలు మాత్రం పైకి లేపుతూ టకటకా సంతకాలు పెట్టేసేది. వలలు మోసేవాళ్ళ రాతల్లో చదవడానికేముంటుంది?

గుమాస్తా ఫైలు తిరగేశాడు. అడుగు నుంచి నీటి మరకలున్న ఒక కార్డు లాగాడు. డైరెక్టరు దాన్ని అందుకుని చూసి, ఆమెకిచ్చాడు. “చదవండి,” అన్నాడు.

ఆమె చదవడం మొదలుపెట్టింది. అక్షరాలు గుండ్రంగా, ఒత్తి రాసినట్టున్నాయి. తడి చేతులతో రాశాడేమో, రెండు చోట్ల ఇంకు చెదిరింది.

“పళ్ళెంలో పోయగానే నాలుగూ చేపపిల్లల్లా దూసుకుపోతూ ఈదినవి. రాతిపురుగు ఇట్లా ఈదదు. ఒళ్ళు పక్కలకి ఊపుతూ రాయిని వెతుక్కుని పాకుతుంది. వీటికి పొట్ట పక్కన మొప్పలు ఆడుతున్నవి. సీసాలో కుదుపులకి ఊడిపోవచ్చును. తోకలు రెండే కనిపించినా ఇవి వేరే పురుగులని నా అనుమానం. మేడమ్ గారు దయచేసి గమనించగలరు.”

చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు వినిపించీ వినిపించకుండా అయింది. కింద 'చదివాను' అన్నచోట సంతకం ఉంది, చివర్న ఆమె ఎప్పుడూ పెట్టే వంకరతో సహా.

“నాదే,” అంది, ఎవరూ అడగకపోయినా.

“విచారణ రోజున చెప్పబోయాను మేడమ్,” అన్నాడు వలాయన. “పురుగులు అబద్ధమాడవు, మనుషులే ఆడతారు అన్నారు మీరు. అందరూ నవ్వారు. ఇక నేను కూర్చున్నాను.”

ఆమెకి గుర్తొచ్చింది. ఆ మాట తనకెంత నచ్చిందో కూడా గుర్తొచ్చింది. ఆ వారమంతా దాన్ని ఇంకో ఇద్దరు ముగ్గురికి చెప్పుకుంది. అప్పటిదాకా తను పడ్డ సిగ్గు అసలు సిగ్గే కాదు. కంటికి కనిపించని గోరు చూడలేదని పడింది. కళ్ళెదుట అంత పెద్ద అక్షరాలున్నాయి, ఒక మనిషి నీళ్ళలో నిలబడి చూసి, చూసింది చూసినట్టు రాసి, దయచేసి గమనించమని బతిమాలాడు. అది చదవడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. ఆమె ఆ కార్డు పట్టుకుని కూర్చుంది, దాన్ని కింద పెట్టాలని కూడా తోచలేదు.

డైరెక్టరు సంతకాలకి వచ్చిన కాగితం రెండుగా చింపి బుట్టలో వేశాడు. నమూనా మళ్ళీ లెక్కలోకి తీసుకోవాలన్నాడు, మిల్లుకి నోటీసు రాయమన్నాడు. ఏడాది సీసాలన్నీ ఇంకో ల్యాబ్‌ వాళ్ళతో మళ్ళీ చూపించాలన్నాడు. బొమ్మల పటం మాట ఎత్తలేదు.

“మీరు సోమవారం నుంచి మళ్ళీ వాగుకి వెళ్ళండి,” అన్నాడు వలాయనతో. “ఇంకేమైనా కావాలా?”

“వెళ్తానండి. ఏమీ అక్కర్లేదు. కాకపోతే ఆ చివరి గడి ఒక్కటీ ఇక నింపను.”

“ఎందుకని?”

“ఇంకు దండగ కదండీ.”

డైరెక్టరు తమాషా అనుకుని నవ్వాడు. గుమాస్తా కూడా నవ్వాడు. వలాయన నవ్వలేదు. ఆమె వైపు తిరిగి, “వస్తాను మేడమ్, సీసాలు నానేసి వచ్చాను,” అని వెళ్ళిపోయాడు.

ఆమె పాఠం గదికి వెళ్ళేసరికి ఖాళీగా ఉంది. నలుగురూ మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయారని ఊడ్చే మనిషి చెప్పింది. ఆ అమ్మాయి తన పుస్తకంలో 'గోరు చూసేదాకా పెన్ను మూత తియ్యొద్దు' అని రాసుకుని, కింద పెద్ద గీత కొట్టి ఉంటుంది. ఇప్పుడెందుకు పొరబడతానన్న మాట కూడా మోసుకుపోయి ఉంటుంది.

సోమవారం సాయంత్రం వాగు నుంచి మొదటి సీసాలు వచ్చాయి. ఆమె మూతలు ముట్టుకోలేదు. ముందు కార్డు తీసుకుని కిటికీ వెలుగులో పెట్టుకుంది. తేదీ, చోటు: కింది వంతెన. లోతు: తొడ దాకా. అడుగు: రాళ్ళు, పైన బురద. ప్రతి అక్షరమూ రెండుసార్లు చదివింది. చివరి గడి తెల్లగా ఉంది.

కార్డు పట్టుకుని కిందికి వెళ్ళింది. పెరట్లో కుళాయి కింద వలాయన వల తిరగేసి ఉతుకుతున్నాడు. కన్ను కన్నూ వేళ్ళతో విప్పి, ఇరుక్కున్న ఆకులు, నాచు తీసి పక్కన పడేస్తున్నాడు. రబ్బరు బూట్లు గోడకి ఆనించి ఉన్నాయి. వాటికి మోకాలి పై దాకా నీలం రంగు పట్టి ఉంది.

“కార్డు చదివాను,” అంది ఆమె.

“మంచిది మేడమ్.”

“పళ్ళెంలో పోసినప్పుడు ఏం చూశారు?”

“సీసాలో ఉన్నాయిగా మేడమ్. చూస్తే మీకే తెలుస్తుంది.”

“బతికున్నప్పుడు ఎట్లా ఉన్నాయో సీసాలో తెలియదు కదా.”

అతను వల ఎత్తి చూసి, ఇంకో ఆకు తీశాడు. నీళ్ళు కారుతున్నాయి. ఇరవై రెండేళ్ళలో ఆ పురుగుల్ని బతికుండగా తను ఒక్కసారి కూడా చూడలేదని, ఆ గట్టు ఒక్కసారి కూడా దిగలేదని చెబుదామనుకుంది. చెప్పి ఏం లాభం? అది అతనికి ఎప్పటినుంచో తెలుసు.

“క్షమించండి,” అంది. ఆ మాట అతనితో అనడం అదే మొదటిసారి. గురువారం గదిలో కూడా డైరెక్టరుతోనే మాట్లాడింది.

అతను కుళాయి కట్టేశాడు. వల రెండు చేతులా పిండి, మేకుకి తగిలించి, చొక్కా చేతులు దించుకున్నాడు. ఆమెని చూశాడు. కోపమేమీ లేదు ఆ చూపులో. అలసట ఉంది.

“చీకటి పడకముందే సీసాలు చూసుకోండి మేడమ్,” అన్నాడు. “వెలుగు పోతే కళ్ళు లాగుతాయి.” సంచీ భుజానికి తగిలించుకుని గేటు వైపు వెళ్ళిపోయాడు.

ఆమె పైకి వచ్చి బల్ల ముందు కూర్చుంది. చాలాసేపు కార్డు చూసింది. తర్వాత పెన్ను తీసి, ఖాళీగా ఉన్న చివరి గడిలో చిన్న అక్షరాలతో, “అడిగాను. చెప్పలేదు. రేపు మళ్ళీ అడగాలి,” అని రాసింది. 'చదివాను' అన్నచోట మాత్రం సంతకం పెట్టలేదు.